ఎయిర్ హోస్ నిండా నల్లటి జిడ్డు మడ్డి, టర్బో పోయినట్టేనా?

హనుమకొండ డీజిల్:

అందరికీ నమస్తే. నాది 2014 మోడల్ 1.3 లీటర్ టర్బో డీజిల్, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది, నేను రెండో ఓనర్‌ని. మొన్న ఆదివారం ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి షెడ్డు దాకా ఎందుకు, నాలుగు క్లిప్పులేగా అని ఇంటి ముందే బానెట్ ఎత్తాను. ఫిల్టర్ మార్చి ఊరుకున్నా బాగుండేది, చెయ్యి ఊరుకోక ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రానికి) వెళ్లే హోస్ కూడా ఊడదీశాను. లోపల వేలు పెడితే కాటుకలో ఆముదం కలిపినట్టు నల్లటి జిడ్డు. ఇంకాస్త చూద్దామని ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) కింది హోస్ క్లిప్పు వదులు చేస్తే రెండు మూడు చెంచాల ఆయిల్ కారింది, స్టీలు మూత అడ్డం పెట్టి పట్టాను (ఆ మూతని ఇప్పుడు వంటింట్లోకి రానివ్వట్లేదు). ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) మూతి దగ్గరైతే తారు పూసినట్టు, గోరుతో గీకితే ముద్దగా ఊడొచ్చేంత మందం.

బండి మాత్రం బాగానే నడుస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాస్త నీలం పొగ కనిపించి పోతుంది, అంతే. పికప్ ఉంది. మైలేజీ ఇదివరకు 20 వచ్చేది, ఈ మధ్య 18 దాటట్లేదు. మూడు వారాల క్రితమే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించాను.

ఒకచోట చూపిస్తే టర్బో సీలు పోయింది, కొత్త టర్బో 42,000 అన్నారు. ఇంకో షెడ్డులో బ్యాక్ కంప్రెషన్ వస్తోంది, అంటే పిస్టన్ రింగులు అయిపోయి గ్యాస్ కిందికి దిగుతోంది, ఇంజిన్ విప్పాలి, 70 వేలకు తగ్గదన్నారు. ఇద్దరూ పది నిమిషాల్లో తేల్చేశారు, ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన లేదు. వచ్చే నెల అందరం తిరుపతి వెళ్లాలి, అందుకే టెన్షన్. ఎవరి మాట వినాలి? నా అంతట నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

గోదారి గేర్:

ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఫొటో పెట్టు తమ్ముడూ. బండి చదునైన చోట ఉంచి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, ఒకసారి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీసి. మూడు వారాల క్రితం ఆయిల్ మార్చానన్నావు చూడు, నా కన్ను దాని మీదే పడింది.

పాత స్పానర్:

ఆ రెండు చోట్లా ఒక్క పైపైనా విప్పి చూశారా అండి? లేక మీరు చెప్పింది విని రేటు చెప్పారా? ఎందుకంటే లక్ష దాటిన టర్బో డీజిల్ ఏది విప్పినా హోస్‌లో ఎంతో కొంత జిడ్డు ఉంటుంది. అది ఉందా లేదా అన్నది కాదు, ఎక్కడ మొదలైంది, ఏ రంగులో ఉంది, ఎంత చిక్కగా ఉంది అన్నది చూడాలి.

ఇంజిన్ తిరుగుతున్నప్పుడు పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ కిందికి దిగుతుంది, షోరూం నుంచి నిన్న దింపిన బండిలో కూడా. అది ఆయిల్ తుంపరని మోసుకుంటూ హెడ్ కవర్ దాకా వస్తుంది. బయటికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్ కక్కేస్తుంది. పాత లారీలకి ఇంజిన్ పక్కన కిందికి వేలాడే పైపొకటి ఉండేది, బండి ఆగిన చోటల్లా రోడ్డు మీద నల్లటి చుక్కలు పడేవి, అది ఈ గ్యాస్ పోయే దారే. అలా బయటికి వదలకుండా మళ్లీ ఇంజిన్ చేతే తాగించాలని 1961లో కాలిఫోర్నియాలో అమ్మే కార్లతో మొదలుపెట్టారు, ఇప్పుడు అన్ని కార్లలోనూ అంతే. మీ బండిలో హెడ్ కవర్ నుంచి బొటనవేలంత లావు రబ్బరు పైపు వచ్చి ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య హోస్‌లో కలుస్తుంది చూడండి, అదే బ్రీదర్ పైపు. మధ్యలో ఆయిల్‌ని వేరు చేసే డబ్బా లాంటిది ఉంటుంది కానీ మొత్తం ఆపలేదు.

టార్చి వేసి ఆ కలిసే చోటు చూడండి. ఫిల్టర్ వైపు పొడిగా ఉండి, బ్రీదర్ కలిసిన దగ్గర్నుంచి టర్బో వైపు తడిగా ఉంటే ఆ ఆయిల్ బ్రీదర్ తెచ్చిందే. టర్బో ముందు అంతా పొడిగా ఉండి, టర్బో దాటాకే ఆయిల్ ఉంటే అప్పుడు టర్బోని అనుమానించాలి. ఈ ఒక్క చూపుతోనే సగం తేలిపోతుంది. ఇంటర్‌కూలర్ కింది భాగంలో దొరికిన రెండు చెంచాలు మాత్రం దేనికీ సాక్ష్యం కాదు, అక్కడ పల్లం కాబట్టి ఏళ్ల తరబడి చేరుతుంది. అరగ్లాసు, గ్లాసు వస్తే అది వేరే కథ.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక హోస్ తీసి టర్బో చక్రం మధ్యనున్న నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకి కొద్దిగా ఊగితే భయపడొద్దు, ఆ షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతుంది, ఆ పొర కోసం సందు ఉండాలి. లోపలికీ బయటికీ ఆడినట్టు తెలిస్తే, లేదా బ్లేడ్లు గోడకి రాసుకున్న గీతలు కనిపిస్తే టర్బో నిజంగానే పోయినట్టు.

రెండో షెడ్డు మాట తేలాలంటే, ఇంజిన్ వేడెక్కాక స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, తలకిందులుగా ఆ కంత మీద ఊరికే పెట్టండి. వణికితే మామూలే. ఎగిరి కింద పడితే, లేదా రైలింజన్‌లా గుప్పుగుప్పున పొగ వస్తే అప్పుడు కంప్రెషన్ గేజి పెట్టించండి. డీజిల్‌కి ఉజ్జాయింపుగా 25 నుంచి 30 బార్ చూపిస్తుంది, కానీ అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. గేజి పెట్టకుండా రింగులు పోయాయన్నవాళ్ల దగ్గర ఇంజిన్ విప్పించకండి.

స్పీడ్ రాజా:

ఇంత కథ ఎందుకు బ్రో. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఎయిర్ హోస్‌లో క్లీనర్ స్ప్రే కొడుతూ రేజ్ చెయ్యి, లేకపోతే ఓ అర లీటరు పెట్రోలు పోసి కడిగెయ్. మా ఫ్రెండ్ అలాగే చేస్తాడు, మడ్డంతా పొగై పోతుంది.

గోదారి గేర్:

రాజా, నీ ఫ్రెండ్ బండి పెట్రోలా డీజిలా ముందు కనుక్కో. ఎవరైనా ఇది చదివి చేసేస్తారేమోనని గట్టిగా చెప్తున్నా, డీజిల్ ఇంజిన్ నడుస్తుండగా గాలి దారిలో మండేదేదీ కొట్టకండి. పెట్రోలు పోయడం గురించి ఇక చెప్పేదే లేదు.

డీజిల్ ఇంజిన్ వేగాన్ని అదుపులో పెట్టేది గాలి కాదు, లోపల చల్లే డీజిల్ కొలత. గాలితో పాటు ఇంకేదైనా మండేది వెళ్లిందంటే దానిమీద ఎవరి అదుపూ ఉండదు, తాళం తీసినా ఇంజిన్ ఆగదు. స్ప్రే కాదు, ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఇంజిన్ ఆయిల్ చాలు. రాజమండ్రిలో మా షెడ్డు పక్కన ఒక పాత జీపుకి టర్బో నిజంగానే పోయి తన ఆయిల్ తనే తాగడం మొదలుపెట్టింది. పొద్దున పదకొండు గంటలకి వీధంతా తెల్లటి పొగ, ఎదురుగా టీ కొట్టు కనపడలేదు. ఇంజిన్ అరుపు ఎలా ఉందంటే, లోపలున్న కుర్రాడు తాళం చేత్తో పట్టుకుని బయటికి దూకేశాడు, బండి మాత్రం నడుస్తూనే ఉంది. మేస్త్రీ ఎక్కి, బ్రేకు మీద నిలబడినట్టు తొక్కి, టాప్ గేర్ వేసి క్లచ్ వదిలేశాడు, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. అదింకో నిమిషం నడిస్తే కనెక్టింగ్ రాడ్డు బ్లాకు చీల్చుకుని వచ్చేది. క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ అయితే గాలి దారి మూసెయ్యాలి, చేత్తో కాదు, చెక్క పలకతో. అప్పటికే రయ్యిమని తిరుగుతుంటే దగ్గరికి పోకుండా దూరంగా నిలబడటమే మంచిది, బండి పోతే పోనీ.

అందుకే తమ్ముడూ, ఆ ఇంటర్‌కూలర్ నువ్వు ఊడదీసినప్పుడే ఖాళీ చెయ్యడం మంచి పని. మిగతా హోస్‌లు విప్పి బయట కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడుక్కో, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే బిగించు. గాలి కొలిచే సెన్సార్ జోలికి మాత్రం గుడ్డా వేలూ పోనివ్వకు, దాని కోసం విడిగా స్ప్రే దొరుకుతుంది.

టొరంటో చలి:

రంగు గురించి స్పానర్ గారు అన్నారు కాబట్టి నా అనుభవం. మాకు జనవరిలో ఒక్కోసారి మైనస్ 20 దాకా పడిపోతుంది, నా ఆఫీసు ఇంటికి నాలుగు కిలోమీటర్లు. ఓరోజు ఆయిల్ మూత తిప్పితే అడుగున వెన్నలా పసుపుపచ్చటి నురగ, బ్రీదర్ పైపులో కూడా అదే. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే పొర) పోయి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని రాత్రంతా నిద్ర లేదు. తెలిసినాయన ఒకరు తొందరపడకు, కూలెంట్ ట్యాంకు మీద మట్టం దగ్గర టేపు అంటించి రెండు వారాలు చూడమన్నారు. చుక్క తగ్గలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా శుభ్రంగా ఉంది. ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుండటంతో లోపలి ఆవిరి బయటికి పోలేక నీరై ఆయిల్‌తో చిలికినట్టయింది, అంతే. శనివారం 401 హైవే మీద గంటసేపు నడిపి వస్తే చాలావరకు పోయింది. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ తడి బ్రీదర్ పైపులో గడ్డకట్టి, దారి మూసుకుపోయి, డిప్‌స్టిక్ సందులోంచి ఆయిల్ తన్నుతుందట.

మీ హనుమకొండలో అంత చలెక్కడిది. కాబట్టి మీ దగ్గర డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే మాత్రం చలి మీదకి నెట్టకుండా కూలెంట్ మట్టం చూడండి. నల్లగా ఉందన్నారు కాబట్టి మీకు ఆ బాధ లేనట్టే.

హనుమకొండ డీజిల్:

అందరికీ పెద్ద థ్యాంక్స్. ఈరోజు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ కూర్చున్నా.

గోదారి అన్న చెప్పినట్టు డిప్‌స్టిక్ చూస్తే పై గీత దాటి నా చూపుడు వేలు వెడల్పంత పైకి ఉంది ఆయిల్! మొదట తప్పు చూశాననుకుని మూడుసార్లు తుడిచి చూశా. ఆయిల్ మార్చిన చోటికి ఫోన్ చేస్తే, నాలుగు లీటర్ల డబ్బా మొత్తం పోశాం సార్, మిగిలితే మీకు వేస్టే కదా అన్నారు. మాన్యువల్ తీసి చూస్తే ఫిల్టర్‌తో కలిపి 3.2 లీటర్లని ఉంది. డబ్బులు పెట్టి నేనే కొనిచ్చిన డబ్బా అది.

హోస్ సంగతి: ఫిల్టర్ వైపు దుమ్ము కూడా పొడిగానే ఉంది, బ్రీదర్ కలిసిన చోట కింద సన్నటి ఆయిల్ చార, అక్కడి నుంచి టర్బో దాకా తడి. టర్బో షాఫ్టు పక్కలకి వెంట్రుకవాసి ఊగుతోంది, లోపలికీ బయటికీ ఏమీ తెలియట్లేదు, బ్లేడ్లకి గీతలు లేవు. మూత పరీక్షలో మూత గిలగిలలాడింది కానీ పడలేదు. పాత ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో తెలియదు, నేను కొన్నాక 26,000 నడిచింది, దులిపితే పిడికెడు మట్టి రాలింది.

ఒక డౌటు. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి మంచిదే కదా అనుకున్నా ఇన్నాళ్లూ. ఇది ఎలా చెడు చేస్తుంది? అసలు టర్బో అవతల కూడా ఆయిల్ ఉంది కదా, దాని లెక్కేంటి?

పాత స్పానర్:

ఇదిగో దొరికింది. ఇది చాలామంది అనుకునేదే, ఆయిల్‌ని నెయ్యి లెక్కన చూస్తాం మనం, ఎంత ఎక్కువైతే అంత మేలని.

సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) మట్టం మరీ పెరిగితే క్రాంక్ షాఫ్టు తిరిగినప్పుడల్లా ఆయిల్‌ని తాకుతూ కవ్వంతో చిలికినట్టు చిలుకుతుంది. నురగ, తుంపర రెట్టింపై, ఆయిల్ వేరు చేసే డబ్బా తట్టుకోలేక నేరుగా బ్రీదర్‌లోకి వదిలేస్తుంది. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ దీనికి తోడు. ఫిల్టర్‌లోంచి గాలి అందక టర్బో గట్టిగా పీలుస్తుంది, ఆ పీల్పుకి బ్రీదర్ నుంచి ఇంకా ఎక్కువ వస్తుంది. బ్రీదర్ ఆయిల్ టర్బో గుండానే కదా వెళ్లాలి, అవతల తడి ఉండటంలో వింతేముంది.

ఇంకో సంగతి, ఇది ఆ 42,000 చెప్పినాయన చూడాల్సింది. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది, ఆ వేగానికి రబ్బరు సీలు నిలవదు. పిస్టన్ రింగు లాంటి సన్నటి రింగు, లోపలికీ బయటికీ ఉండే ఒత్తిడి తేడా, ఈ రెండే ఆయిల్‌ని ఆపుతాయి. టర్బోలో పని అయిపోయిన ఆయిల్ తన బరువుతో కిందికి జారి సంపులో పడాలి, దాన్ని లాగే పంపేమీ ఉండదు. సంపు నిండిపోయినా, లోపల గ్యాస్ ఒత్తిడి ఎక్కువగా ఉన్నా ఆ ఆయిల్ దిగక టర్బోలోనే నిలిచి, రింగు దాటి గాలి వైపుకి వచ్చేస్తుంది. అంటే సీలు బాగానే ఉన్నా కారుతుంది. ఇదే స్థితిలో మీరు కొత్త టర్బో వేయించి ఉంటే నెల తిరిగేలోపు అది కూడా కారేది, అప్పుడు మీకు చెప్పే మాట, పీసు డిఫెక్టు సార్ అని.

ఎక్కువైన ఆయిల్ తీయడానికి కింద బోల్టు ముట్టుకోకండి, అలవాటు లేని చేతికి మొత్తం పోతుంది. మెడికల్ షాపులో 50 ఎంఎల్ సిరంజి, ఒక సెలైన్ పైపు కొనండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ గొట్టంలోంచి పైపు దింపి లాగండి, రెండు గీతల మధ్య, పై గీతకి దగ్గరగా వచ్చేదాకా. తీసినది ఒకసారి వాసన చూసి, ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి రాత్రంతా ఉంచండి. డీజిల్ వాసన గుప్పుమన్నా, చుక్క చుట్టూ పల్చటి జిడ్డు వలయం పెద్దగా పాకినా ఇంజెక్టర్ కారి డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అనుమానం. మీది పోసిన తప్పే అనిపిస్తోంది కానీ చూసుకోవడంలో ఖర్చేముంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిళ్లు నడిపేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి, పొగ ఫిల్టర్‌ని కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు బండి మధ్యలో ఆపేస్తుంటే ఎవరూ పోయకుండానే ఆయిల్ మట్టం పెరుగుతుంది.

మానిఫోల్డ్‌లోని తారు మాత్రం మూడు వారాల పాపం కాదు, లక్ష కిలోమీటర్ల మసి. మానిఫోల్డ్ ఇంజిన్‌కి బిగించి ఉండగా దాన్ని గీకకండి, ముక్క ఊడి లోపల పడితే వాల్వు కింద చిక్కుకుంటుంది. దించి, నానబెట్టి కడిగించాలి, ఈజీఆర్ వాల్వుతో (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) సహా. మైలేజీ తగ్గడానికి దాని వాటా కొంత ఉండొచ్చు. ఈలోగా టర్బో నుంచి ఇంజిన్ దాకా ప్రతి హోస్ జాయింటూ బయట వైపు తడిమి చూడండి. ఎక్కడైనా దుమ్ము తడిసి నల్లటి కడియంలా కట్టి ఉంటే అక్కడ టర్బో గాలి బయటికి పోతోందని.

వైజాగ్ పెట్రోల్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది పెట్రోల్, టర్బో లేదు. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌కి వెళ్లే గాలిని తెరిచి మూసే పలక ఉన్న గొట్టం) అంచు చుట్టూ నల్లటి పూత, సిగ్నల్ దగ్గర ఇంజిన్ స్లోలో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇదీ అదేనా?

గోదారి గేర్:

మూలం అదే, చిన్న చెల్లెలు లాంటిది. థ్రాటిల్ బాడీ ఊడదీసి, దాని క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవండి. కేబుల్ కాకుండా కరెంటు మోటారుతో నడిచే థ్రాటిల్ అయితే ఆ పలకని వేలితో బలవంతంగా తిప్పొద్దు, లోపలి పళ్లు ప్లాస్టిక్‌వి. బిగించాక ఒక రోజు స్లో స్పీడు తేడాగా ఉండొచ్చు, స్కానర్ ఉన్న చోట రీసెట్ చేస్తారు. పీసీవీ వాల్వు (బ్రీదర్ గ్యాస్‌ని కొలిచి వదిలేది) విడిగా ఉండే బండైతే తీసి చెవి దగ్గర ఊపండి, టిక్ టిక్ అనాలి. చప్పుడు లేకపోతే మడ్డి పట్టి బిగుసుకుపోయినట్టే, అది కొత్తది కొన్నా పెద్ద ఖర్చు కాదు.

హనుమకొండ డీజిల్:

అప్‌డేట్. సిరంజితో లాగితే పద్నాలుగు సార్లకి మట్టం గీత లోపలికి వచ్చింది, అంటే 700 ఎంఎల్. కాగితం మీద చుక్క మామూలుగానే ఉంది, డీజిల్ వాసన లేదు. హోస్‌లన్నీ కడిగి ఆరబెట్టి బిగించాను. ఇంటర్‌కూలర్ పై జాయింటు దగ్గర స్పానర్ గారు చెప్పిన నల్లటి కడియం సరిగ్గా అలాగే ఉంది, క్లిప్పు రెండు చుట్లు తిరిగింది బిగిస్తే.

నిన్నటికి 1,100 కిలోమీటర్లు నడిచింది, మధ్యలో ఒకసారి హైదరాబాద్ వెళ్లొచ్చాం. మళ్లీ హోస్ విప్పి లోపల తెల్ల గుడ్డ తిప్పితే పల్చగా తేనె రంగు మరక, కారేంత లేదు. పొద్దుటి నీలం పొగ కనపడట్లేదు. మైలేజీ 19 దాకా వచ్చింది, 20 రాలేదు.

ఈరోజు పొద్దున ఆ టర్బో ఆయన ఫోన్ చేసి ఆర్డర్ పెట్టమంటారా సార్ అన్నాడు. ఆరోజు డిప్‌స్టిక్ తీసి చూశారా అండి అని అడిగా. కాసేపు ఆగి, ఒకసారి బండి తీసుకురండి చూద్దాం అన్నాడు.

గోదారి గేర్:

హహహ. మరి ఆ మానిఫోల్డ్ ఎప్పుడు దించుతున్నావ్ తమ్ముడూ?

హనుమకొండ డీజిల్:

తిరుపతి వెళ్లొచ్చాక అన్నా. ఆ స్టీలు మూత ఎలాగూ ఇప్పుడు నాదే, దాన్లోనే కడుగుతా.